పది లక్షల మైళ్లు ఎగిరితే ఏం వస్తుంది?

1981లో బాపట్లలో ఇంజినీరింగ్ కాలేజీ తెరిచారు. అదే ఏడాది మే 1న, డాలస్ దగ్గర ప్రధాన కార్యాలయం ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ అనే పథకం ప్రకటించింది. తన విమానంలో ప్రయాణించిన ప్రతి మైలునూ ప్రయాణికుడి ఖాతాలో జమ వేసేది, తగినన్ని మైళ్లు పోగైతే ఉచితంగా టికెట్ ఇచ్చేది. వారం తిరక్కుండానే యునైటెడ్ కూడా ‘మైలేజ్ ప్లస్’తో బరిలోకి దిగింది. బాపట్ల కాలేజీకీ డాలస్ కంపెనీ పథకానికీ ఏదో ఒకనాడు చుట్టరికం కలుస్తుందని అప్పుడెవరికీ తోచి ఉండదు.

కలిసింది. తర్వాతి మూడు నాలుగు దశాబ్దాల్లో బాపట్ల కాలేజీ నుంచి, గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలో ఉన్న వడ్లమూడి విజ్ఞాన్ నుంచి, చౌడవరం ఆర్‌వీఆర్ అండ్ జేసీ నుంచి బయటికొచ్చిన పిల్లలు వేల సంఖ్యలో అమెరికా చేరారు. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీ, చికాగోల్లో స్థిరపడ్డారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అక్కడి జనగణన సమాచారం నుంచి లెక్కగట్టింది. వాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లు. ఇల్లు ఒక ఊళ్లో, క్లయింటు ఇంకో ఊళ్లో. సోమవారం పొద్దున విమానం ఎక్కడం, గురువారం రాత్రి తిరిగి రావడం. ఆ తిరుగుడులోనే వాళ్ల ఖాతాల్లో మైళ్లు పెరిగాయి. పెరిగిన కొద్దీ ఒక ఆశ కూడా పుట్టింది. అదే లైఫ్‌టైమ్ స్టేటస్.

స్టేటస్ అంటే తరచూ ఎగిరేవాళ్లకు విమాన సంస్థ ఇచ్చే హోదా. మామూలు స్టేటస్‌కు ఏడాదే ఆయువు. ఈ ఏడు బాగా తిరిగితే వచ్చే ఏడు గోల్డో ప్లాటినమో ఇస్తారు, తిరగడం మానేస్తే తీసేస్తారు. లైఫ్‌టైమ్ స్టేటస్‌కు ఆ గొడవ లేదు. జీవితకాలంలో పది లక్షల మైళ్లు పూర్తిచేసినవాళ్లను ‘మిలియన్ మైలర్’ అంటారు. ఇక వాళ్లు ఏడాదికి ఒక్కసారే విమానం ఎక్కినా, అసలు ఎక్కకపోయినా ఆ హోదా పోదు. పది లక్షల మైళ్లంటే భూమి చుట్టూ నలభై ప్రదక్షిణలు.

అయితే పది లక్షలు ఎక్కడైనా పది లక్షలే అనుకుంటే బోల్తా పడతారు. యునైటెడ్‌లో పది లక్షలకు గోల్డ్, ఇరవై లక్షలకు ప్లాటినమ్, ముప్ఫై లక్షలకు వన్‌కే, నలభై లక్షలకు గ్లోబల్ సర్వీసెస్ దక్కుతాయి. డెల్టాలో పది లక్షలకు ఒకప్పుడు సిల్వరే వచ్చేది. 2023లో పథకం నిబంధనలు బిగించబోయి ప్రయాణికుల ఆగ్రహం చవిచూశాక దాన్ని గోల్డ్‌కు పెంచారు. అమెరికన్‌లోనూ పది లక్షలకు గోల్డే. కానీ అక్కడ గోల్డ్ అంటే స్టేటస్ మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు. యునైటెడ్‌లో అదే పేరు రెండో మెట్టుకు ఉంది. కార్డు మీద రెండు చోట్లా ఒకే మాట రాసి ఉంటుంది, విమానాశ్రయంలో తెరుచుకునే తలుపులు మాత్రం వేరు.

యునైటెడ్ గోల్డ్ ఉన్నవాళ్లు స్టార్ అలయన్స్ గోల్డ్ కింద లెక్క. ఎయిర్ ఇండియా 2014 జులైలో ఆ కూటమిలో చేరింది. లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా అందులోవే. దాంతో అంతర్జాతీయ ప్రయాణంలో వెంట ఇంకొకరిని తీసుకుని లాంజ్‌లోకి వెళ్లొచ్చు. పెట్టెల సంఖ్య లెక్కనైతే అదనంగా ఒక పెట్టె, బరువు లెక్కనైతే అదనంగా 20 కిలోలు తెచ్చుకోవచ్చు. యునైటెడ్ విమానంలో కాళ్లు చాపుకోవడానికి కాస్త ఎక్కువ చోటుండే ఎకానమీ ప్లస్ సీట్లు తనకూ తోడు వచ్చిన ఒకరికీ టికెట్ తీసుకునేటప్పుడే అదనపు డబ్బు కట్టకుండా ఎంచుకోవచ్చు. ఢిల్లీ నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కు పదిహేను గంటలు కూర్చునేవాళ్ల మోకాళ్లకు ఆ కాస్త చోటు విలువ తెలుస్తుంది. అమెరికన్ గోల్డ్ మాత్రం వన్‌వరల్డ్ కూటమిలో రూబీ. చెకిన్ దగ్గర చిన్న వరుస దొరుకుతుంది. లాంజ్ తలుపు తెరుచుకోవాలంటే సఫైర్ కావాలి, అది ఇరవై లక్షల మైళ్ల మాట. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కేథే పసిఫిక్ ఆ కూటమివే. మూడూ శంషాబాద్ వస్తాయి. అయినా అమెరికన్‌లో మొదటి పది లక్షలు తిరిగినవాళ్లకు వాటి లాంజ్‌లో ఆ కార్డుతో ప్రవేశం లేదు.

ఇంత దూరం ఎలా పోగవుతుందో చూద్దాం. హ్యూస్టన్‌లో ఇల్లు, న్యూజెర్సీలో క్లయింటు అనుకుందాం. రెండూ యునైటెడ్‌కు పెద్ద స్థావరాలు, రెండు చోట్లా తెలుగువాళ్లు దండిగా ఉన్నారు. హ్యూస్టన్ నుంచి న్యూవార్క్‌కు 1,400 మైళ్లు. వారానికి రానూపోనూ 2,800. సెలవులు పోను ఏడాదికి 45 వారాలు తిరిగితే 1,26,000. ఎనిమిదేళ్లకు పది లక్షలు దాటుతుంది. అంటే 360 వారాలు, 720 విమానాలు. సోమ, మంగళ, బుధ రాత్రులు హోటల్లో పడుకుంటే మొత్తం 1,080 రాత్రులు. ఇంచుమించు మూడేళ్ల రాత్రులు ఇంటికి దూరంగా గడిచాయన్నమాట. గంటకు 500 మైళ్ల వేగమనుకున్నా గాలిలో గడిపేదే 2,000 గంటలు. వారానికి నలభై గంటల చొప్పున యాభై వారాలు ఆఫీసుకు వెళ్తే ఎంతో అంత.

ఆదివారం రాత్రి ఆ ఇళ్లలో పెట్టె సర్దడం ఒక విద్య. నాలుగు చొక్కాలు, ల్యాప్‌టాప్, మూలన చిన్న రైస్ కుక్కర్. వంటగది ఉండే హోటల్ అయితే బియ్యం అక్కడే కొనుక్కోవచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి జిప్‌లాక్ సంచుల్లో వెళ్లిపోతాయి. ఆవకాయ దగ్గరే వస్తుంది చిక్కు. చేతిలో పెట్టుకెళ్లే సామానులో వంద మిల్లీలీటర్లు దాటిన నూనె, ఊట ఉన్న పదార్థాన్ని భద్రతా సిబ్బంది ఆపేస్తారు. వారంవారం తిరిగేవాళ్లు పెట్టె చెకిన్ చేసి దిగాక దానికోసం అరగంట నిలబడరు. అందుకే ఆవకాయ ఇంట్లో, పొడి హోటల్లో. పిల్లవాడి పుట్టినరోజు బుధవారం పడితే కేకు శనివారం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే సోమవారం నుంచి గురువారం దాకా ఇల్లు, స్కూలు, డాక్టరు అన్నీ ఒక్కరి మీదే. మిలియన్ మైలర్ కార్డు మీద ఉండేది ఒక్కరి పేరే. దాని ఖరీదు మాత్రం ఇద్దరూ కట్టారు. యునైటెడ్ ఈ సంగతి కొంత గుర్తించింది. మిలియన్ మైలర్ తన స్టేటస్‌ను తాను ఎంచుకున్న ఒకరితో పంచుకోవచ్చు. ఈ పథకాలన్నిటిలో మనసుకు నచ్చే నిబంధన ఏదంటే ఇదే.

ఇక్కడ అసలు విషయం గమనించాలి. ఆ 720 టికెట్ల డబ్బు క్లయింటు కట్టాడు. కన్సల్టెంటు పెట్టింది తన కాలం, తన నిద్ర. ఎలాగూ పెట్టక తప్పని కాలానికి ఫలంగా ఒక కార్డు వచ్చిందంటే సంతోషంగా తీసుకోవాల్సిందే. ఎవరి సొమ్ముతో తిరిగామన్నదే ఈ వ్యవహారంలో లాభనష్టాలు తేల్చే ప్రశ్న.

కరోనా తర్వాత ఆ దారి కూడా ఇరుకైంది. క్లయింటు ఆఫీసులో వారంవారం కూర్చోవాల్సిన పనులు వీడియో సమావేశాల్లోకి మారాయి. 2000 ప్రాంతంలో కన్సల్టింగ్‌లో దిగినవాళ్లకు దొరికినన్ని ప్రయాణాలు ఇప్పుడు కొత్తగా వడ్లమూడి నుంచి వెళ్లే పిల్లలకు దొరకవు. అప్పట్లో ఇంకో సులువు కూడా ఉండేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2011 నవంబరు దాకా క్రెడిట్ కార్డు వాడకంతో వచ్చిన మైళ్లను కూడా లైఫ్‌టైమ్ లెక్కలో కలిపేది. సరుకులు కొన్నా, పెట్రోలు పోయించినా మైళ్లే. అలా విమానం పెద్దగా ఎక్కకుండానే మిలియన్ మైలర్లు అయినవాళ్లు ఉన్నారు. 2011 డిసెంబరు 1 నుంచి ఆ తలుపు మూసేశారు.

ఆఫీసు పని మీద కాకుండా సొంత డబ్బుతో ఇంటికి వచ్చిపోయే ప్రయాణాలతో పది లక్షలు చేరుకోవచ్చా? న్యూవార్క్ నుంచి ఢిల్లీకి దాదాపు 7,300 మైళ్లు. రానూపోనూ 14,600. పది లక్షలు కావాలంటే 69 సార్లు వచ్చి వెళ్లాలి. ఏడాదికొకసారి వచ్చినా ఒక ఆయుర్దాయం చాలదు. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. మనవాళ్లు ఎక్కువగా వచ్చే దారి దుబాయ్, దోహా, అబుదాబి. ఎమిరేట్స్‌లో హ్యూస్టన్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి శంషాబాద్. దిగగానే కారెక్కితే తెల్లారేసరికి చేబ్రోలు. యునైటెడ్ లైఫ్‌టైమ్ లెక్కలో ఆ ప్రయాణానికి పడేది సున్నా. 2012 నుంచి యునైటెడ్ తన సొంత విమానాల్లో ఎగిరిన మైళ్లనే ఆ ఖాతాలో వేస్తోంది. భాగస్వామ్య సంస్థల విమానాల్లో తిరిగితే ఉచిత టికెట్లకు పనికొచ్చే మైళ్లు రావచ్చు గానీ జీవితకాలపు మీటరు కదలదు. ఢిల్లీ నుంచి గన్నవరానికి ఎయిర్ ఇండియాలో వచ్చినా అంతే. అమెరికా కంపెనీ విమానం శంషాబాద్‌కూ రాదు, గన్నవరానికీ రాదు. మన కృష్ణా డెల్టా ఊళ్లకు అత్యంత సహజమైన దారేదో, లైఫ్‌టైమ్ లెక్కలో దానికే చోటు లేదు.

సరే, ఏదో విధంగా పది లక్షలు పూర్తయ్యాయి. ఇక జీవితాంతం నిశ్చింతేనా? ఈ ప్రశ్నకు కోర్టు ఇచ్చిన జవాబే ఉంది.

మిషిగన్‌కు చెందిన జార్జ్ లేగెన్ యునైటెడ్ మిలియన్ మైలర్. 2010లో యునైటెడ్, కాంటినెంటల్ విలీనానికి ఒప్పుకున్నాయి. 2012లో రెండు పథకాలూ ఒకటయ్యాయి. అంతకుముందు మిలియన్ మైలర్లకు ‘ప్రీమియర్ ఎగ్జిక్యూటివ్’ హోదా ఉండేది. ఎగిరిన మైళ్లకు నూరు శాతం అదనపు మైళ్లు, ఏటా రెండు అప్‌గ్రేడ్లు వచ్చేవి. కొత్త పథకంలో వాళ్లను గోల్డ్‌లో వేశారు. అదనపు మైళ్లు సగానికి తగ్గాయి, పైన కొత్త మెట్టు ఒకటి పుట్టుకొచ్చి వీళ్లు వరుసలో కిందికి జారారు. జీవితాంతం అన్న మాట తప్పారని లేగెన్ కోర్టుకెళ్లారు. 2014 డిసెంబరులో చికాగోలోని సెవెంత్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు యునైటెడ్ పక్షానే తీర్పు చెప్పింది. నిబంధనలను ఎప్పుడైనా మార్చుకునే హక్కు సంస్థకు ఉందని పథకం పత్రాల్లోనే రాసి ఉంది. దానికి భిన్నంగా విడి ఒప్పందం ఒకటి ఉందని లేగెన్ చూపించలేకపోయారు.

తెనాలి, రేపల్లె ప్రాంతంలో పొలం తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. లైఫ్‌టైమ్ స్టేటస్ పట్టా కాదు, కౌలు. రైతు ఎన్నేళ్లు దున్నినా షరతులు రాసే కలం యజమాని చేతిలోనే ఉంటుంది.

కలం ఎలా కదులుతుందో ఈమధ్యనే బ్రిటిష్ ఎయిర్‌వేస్ చూపించింది. అక్కడ జీవితకాలపు గోల్డ్‌కు 35,000 టియర్ పాయింట్లు కావాలనేది ఏళ్ల తరబడి ఉన్న గీత. ఎంత దూరం, ఏ తరగతిలో ప్రయాణించారన్న దాన్ని బట్టి పాయింట్లు వచ్చేవి. 2025 ఏప్రిల్ 1 నుంచి దూరం పోయి డబ్బు వచ్చింది. ఖర్చుపెట్టిన పౌండుకు ఒక పాయింటు. గీత 5,50,000కు జరిగింది. అంతకుముందు కూడబెట్టినవాటిని కొత్త కొలతలోకి మార్చి ఇచ్చారు, కాదనలేం. కానీ చవకగా దొరికిన టికెట్లతో మెల్లగా పైకి ఎక్కుతున్నవాళ్లకు ఇక ముందున్న మెట్లన్నీ నిటారుగా మారాయి. ఆస్ట్రేలియాలోని క్వాంటాస్ ఈ విషయంలో కొంత నిలకడగా ఉంది. 7,000 స్టేటస్ క్రెడిట్లకు లైఫ్‌టైమ్ సిల్వర్, 14,000కు లైఫ్‌టైమ్ గోల్డ్. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల్లో పనిచేస్తూ ఊళ్ల మధ్య తిరిగే తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న గీత అదొకటి.

డబ్బు పోసి కొనుక్కున్నవాళ్ల సంగతి ఇంకా లోతైనది. 1981లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘ఎయిర్‌పాస్’ పేరిట రెండున్నర లక్షల డాలర్లకు జీవితాంతం ఫస్ట్ క్లాస్‌లో ఎక్కడికైనా, ఎన్నిసార్లయినా తిరిగే టికెట్ అమ్మింది. సంస్థకు అప్పట్లో నగదు అవసరం. చికాగోలో పెట్టుబడుల వ్యాపారి స్టీవెన్ రోత్‌స్టీన్ 1987లో అది కొన్నారు. మరో లక్షన్నర పోసి తోడు సీటు కూడా తీసుకున్నారు. ఇరవై ఏళ్లలో పది వేలకు పైగా విమానాలు ఎక్కారు. ఆయన వల్ల 2.1 కోట్ల డాలర్ల భారం పడిందని కంపెనీ లెక్క తేల్చింది. 2008 డిసెంబరులో చికాగో విమానాశ్రయంలోనే ఆయనను ఆపి పాస్ రద్దయిందని చెప్పారు. తోడు సీటును వేరే పేర్లతో బుక్ చేసి దుర్వినియోగం చేశారన్నది కంపెనీ ఆరోపణ, వ్యవహారం కోర్టుకెక్కింది. తప్పెవరిదైనా, నాలుగు లక్షల డాలర్లు పోసి, సంతకాలు చేసిన కాగితం చేతిలో ఉన్నవాళ్ల ‘జీవితాంతం’ ఇరవయ్యొక్క ఏళ్లలో ముగిసింది. ఊరికే వచ్చిన గోల్డ్ కార్డుకు అంతకన్నా గట్టి రక్ష ఉంటుందనుకోలేం.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. న్యూజెర్సీ వాసి టామ్ స్టూకర్ 1990లో యునైటెడ్ నుంచి 2,90,000 డాలర్లకు జీవితకాలపు పాస్ కొన్నారు. 2011లో ఆయన కోటి మైళ్లు దాటిన రోజు కంపెనీ పండగ చేసింది. 2023 నాటికి రెండు కోట్ల ముప్ఫై లక్షల మైళ్లు. ఆయన పాస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. 2009లో జార్జ్ క్లూనీ నటించిన ‘అప్ ఇన్ ది ఎయిర్’ సినిమాలో కథానాయకుడి ఏకైక లక్ష్యం కోటి మైళ్లు. ఆ సినిమా చూసినవాళ్లకు గుర్తుండేది అతని కార్డు కన్నా అతని ఖాళీ ఇల్లే.

మన దేశంలో ప్రమాదం ఇంకో రూపంలో వచ్చింది. నిబంధన మారడం కాదు, కంపెనీయే లేకుండా పోవడం. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది, కింగ్ క్లబ్ మైళ్లు గాలికి పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపింది. జెట్ ప్రివిలేజ్ పథకం వేరే కంపెనీ కింద ఉండటంతో ఇంటర్‌మైల్స్ పేరుతో కొన్నాళ్లు బతికింది, కానీ ప్లాటినమ్ కార్డు చూపించి ఎక్కడానికి విమానం లేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు జెట్ ఆస్తుల లిక్విడేషన్‌కు ఆదేశించింది. ఆ తర్వాత అయిదు రోజులకే, నవంబరు 12న, విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్ ఇప్పుడు మహారాజా క్లబ్. పన్నెండేళ్లలో ఇన్ని పేర్లు చెరిగిపోయిన చోట నలభై ఏళ్ల హామీని నమ్ముకుని ప్రయాణాలు పెంచుకోవడం తెలివైన పని కాదు.

ఈ పథకాలు ఎవరికి లాభమో కరోనా బయటపెట్టింది. 2020లో విమానాలు చాలావరకు నేల మీదున్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్ ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. ఆ పథకం విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లని అప్పుడు లెక్కగట్టారు. 2021 మార్చిలో అమెరికన్ కూడా అడ్వాంటేజ్ మీద వెయ్యి కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. మైళ్లను బ్యాంకులకు అమ్మడం, బ్యాంకులు వాటిని క్రెడిట్ కార్డుల ద్వారా మనకు పంచడం, ఇదే ఆ వ్యాపారం. సీట్లు ఖాళీగా ఉన్నా ఈ కొట్టు మూతపడలేదు. ప్రయాణికుడి ఆశే అక్కడ సరుకు. ఆ ఆశను ఎంతకాలం సాగదీస్తే కంపెనీకి అంత రాబడి.

ఇన్ని మాటల తర్వాత చేబ్రోలు వైపు చూస్తే, విమాన సౌకర్యం నిజంగా అవసరమైనవాళ్లు వేరే కనిపిస్తారు. కోడలి పురిటికో, మనవరాలి ఓణీల వేడుకకో అరవై అయిదేళ్ల వయసులో బయల్దేరే అమ్మానాన్నలు. వాళ్ల పెట్టెలు హాల్లో నాలుగు రోజుల ముందే తెరుచుకుంటాయి. గోంగూర పచ్చడి, నిమ్మకాయ, పండుమిరప. గుంటూరులోనో తెనాలిలోనో గాలి చొరకుండా ప్యాక్ చేయించి తెచ్చినవి. కొక్కేనికి తగిలించే కాటాతో పెట్టెను ఎత్తి చూస్తారు. ఇరవై మూడు కిలోలు దాటితే ఒక పొట్లం బయటికి. “దాన్ని తియ్యకే, చంటోడికి అదే ఇష్టం” అని ఆయన. “అయితే మీ స్వెట్టర్ తీస్తా” అని ఆవిడ.

కొడుక్కి యునైటెడ్ గోల్డ్ ఉన్నా వీళ్ల మూడో పెట్టె ఉచితం కాదు. స్టేటస్ ఎగిరినవాళ్లది, మహా అయితే వాళ్లు ఎంచుకున్న ఆ ఒక్కరిది. కొడుకు వెంట ఉండి ఒకే టికెట్ మీద ప్రయాణిస్తే కొంత ఉపయోగం. కానీ ఉద్యోగం వదిలి తీసుకెళ్లడానికి రాలేకే కదా వాళ్లను ఒంటరిగా ఎక్కిస్తున్నది. లాంజ్‌లోకీ అంతే. ఇల్లు, పొలం, బంగారం ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తాయి. ఈ హోదా పైకీ పోదు, కిందికీ రాదు.

అదృష్టమేమంటే వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనదానికి ఏ కార్డూ అక్కర్లేదు. వీల్‌చైర్ సాయం. టికెట్ తీసుకునేటప్పుడే అడిగి పెడితే దుబాయ్‌లో గేటు నుంచి గేటుకు, అమెరికాలో ఇమిగ్రేషన్ కౌంటరు దాకా, సామాను తీసుకుని బయటికొచ్చేదాకా మనిషి వెంట ఉంటాడు. నడవడం కష్టమైన ప్రయాణికుడికి ఈ సాయం ఉచితంగా చేయాలన్నది అమెరికా చట్టం. నాలుగు లక్షల డాలర్ల పాస్ ఉన్నవాళ్లకూ, చవక టికెట్ మీద వెళ్లే చేబ్రోలు తల్లికీ ఆ కుర్చీ ఒకటే.

మరి లైఫ్‌టైమ్ స్టేటస్‌ను ఎవరు పట్టించుకోవాలి? ఎనిమిదిన్నర, తొమ్మిది లక్షల మైళ్లు ఇప్పటికే ఉన్నవాళ్లు. యునైటెడ్ ఖాతాలో 9,15,000 ఉన్నాయనుకుందాం. ఇంకా కావాల్సింది 85,000. ఎలాగూ ఏడాదికొకసారి ఇంటికి వస్తారు గనక దుబాయ్ మానేసి న్యూవార్క్ నుంచి ఢిల్లీకి యునైటెడ్‌లో, అక్కడి నుంచి గన్నవరానికి దేశీయ విమానంలో వస్తే ఆరు ప్రయాణాల్లో గీత దాటుతారు. టికెట్‌కు రెండు వందల డాలర్లు ఎక్కువైనా మొత్తం పన్నెండు వందలు. దాటాక ఏటా ఒక ప్రయాణానికి మూడో పెట్టె రుసుము రానూపోనూ నాలుగు వందల దాకా మిగులు, ఇద్దరికి కాళ్ల చోటున్న సీట్లు, నాలుగైదు లాంజ్ భోజనాలు. ఏడాదికి వెయ్యి డాలర్ల పైమాటే. నలభై అయిదేళ్ల వయసుకు ఆ కార్డు వస్తే నిబంధనలు రెండుమూడుసార్లు మారినా గిట్టుబాటే. అమెరికన్‌లో తొమ్మిది లక్షలు ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహా చెల్లదు. అక్కడ పది లక్షలకు వచ్చేది లాంజ్ లేని గోల్డ్. ఆ ఒక్క లక్ష కోసం దారి మార్చుకుని చుట్టూ తిరగడం దండగ.

మూడు లక్షల దగ్గరో నాలుగు లక్షల దగ్గరో ఉండి, వారంవారం తిరిగే ఉద్యోగం పోయినవాళ్లు ఆ లెక్క మరిచిపోవడమే మేలు. డిసెంబరు ఆఖర్లో ఎక్కడికో ఒకచోటికి టికెట్ కొని అదే రోజు తిరిగొచ్చే ‘మైలేజ్ రన్’లు సొంత డబ్బుతో చేయడం మరీ అన్యాయం. ఆ వారాంతం ఇంట్లో పిల్లలది. ఆ డబ్బుతో రెండేళ్లకొకసారి అమ్మానాన్నలకు ప్రీమియం ఎకానమీ టికెట్ తీయొచ్చు. వాళ్ల పదిహేను గంటలు సుఖంగా గడుస్తాయి, దానికి ఎవరి నిబంధనా అడ్డు రాదు.

గల్ఫ్ మీదుగా వచ్చిపోయే కుటుంబాలకు ఇంకో పని ఉంది, అది ఈ వారమే చేసుకోవచ్చు. ఎమిరేట్స్ స్కైవార్డ్స్‌లో ‘మై ఫ్యామిలీ’ కింద ఎనిమిది మంది దాకా ఒకే ఖాతాలో మైళ్లు కలుపుకోవచ్చు. అమ్మానాన్నలు, కొడుకు, కోడలు, పిల్లలు అందరి ప్రయాణాలూ కలిస్తే మూడేళ్లు తిరిగేలోపే ఒక టికెట్‌కో అప్‌గ్రేడ్‌కో సరిపడా పోగవ్వొచ్చు. మైళ్లకు మూడేళ్ల గడువు గనక ఒక్కొక్కరి ఖాతాలో విడివిడిగా ఉంటే మురిగిపోతాయి. మన ఊళ్ల నుంచి వెళ్లే పెద్దవాళ్లలో ఎక్కువమందికి అసలు సభ్యత్వ సంఖ్యే ఉండదు. టికెట్ ఏజెంటు అడగడు, కొడుక్కి గుర్తుండదు, పదహారు గంటల ప్రయాణం ఏ ఖాతాలోనూ పడకుండా పోతుంది.

సభ్యత్వం తీసుకునేటప్పుడు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయాలి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకే గడిలో రాసినవి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్ మీద ఒకలా, ఖాతాలో ఇంకోలా ఉంటే మైళ్లు జమ కావు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు వచ్చినప్పుడే రెండు గడులూ సరిచేయించుకుంటే ఆ చిక్కు అక్కడే తీరుతుంది. జమ కాని ప్రయాణాన్ని తర్వాత అడిగి వేయించుకోవడానికి కొన్ని నెలల గడువే ఉంటుంది గనక, పిల్లల దగ్గర దిగాక పెట్టెలు విప్పే హడావిడిలో బోర్డింగ్ పాస్ ముక్కలు పారేయకుండా ఒక ఫొటో తీసి పెట్టుకోమని పెద్దవాళ్లకు ముందే చెప్పి పంపాలి.